రెండో కన్ను

పోయిన వారం మన పుర్రచేతి మేస్త్రిని షెడ్డు నడిమధ్య, కోపంతో ఊగిపోతుండగా వదిలేసి వచ్చాం. ఆ కోపం ఎందుకో, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

బాయిలర్లు తయారుచేసే ఆ షెడ్డులో ముప్పై నాలుగేళ్లుగా ఇనుముకు ఇనుము అతికిస్తున్న వెల్డరు ఆయన. ఎడమ చేత్తో పని చేస్తాడు కాబట్టి పుర్రచేతి మేస్త్రి. ఆ ముప్పై నాలుగేళ్లూ ఆయన పక్కనే నిలబడి పని చేసిన స్నేహితుడు నిదానం. అతనికి అసలు పేరు ఒకటుంది గానీ, చర్చి సంఘం రిజిస్టరులో తప్ప అది ఇంకెక్కడా పనికి రాలేదు. ఆస్పత్రి కోసం చేసిన కొత్త బాయిలరును నీళ్లతో నింపి ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే, మూరెడు పొడవున్న ఒక అతుకు దగ్గర నీటి చుక్క ఉబికింది. ఆ అతుకు పక్కన కొట్టి ఉన్న నంబరు పద్నాలుగు. పద్నాలుగంటే నిదానం. "ఇదెవరిది?" అని ఇంజనీరమ్మ అడిగితే అతను ఒక్క మాటే అన్నాడు.

"నాదే."

మేస్త్రి అక్కడే, యాభై మంది ముందు, అతన్ని దులిపేశాడు. "చెయ్యి వణుకుతుంటే ఇంటి దగ్గర కూర్చోరా. నా పక్కన నిలబడి నా పేరు చెడగొట్టకు" అన్నాడు. నిదానం తల వంచుకుని విన్నాడు. మర్నాటినుంచి అతని చేతిలోంచి వెల్డింగ్ టార్చి తీసేసి, స్టోరు గదిలో రాడ్లు అందించే పనికి పెట్టారు. చెడ్డ అతుకు ఉన్న ముక్కను కోసి తీసేసి, ఇంకొకరి చేత కొత్తది వేయించి, మళ్లీ పరీక్షించి, బాయిలరును ఆస్పత్రికి పంపేశారు. ఆ ఆదివారం ప్రార్థనకు వచ్చిన మేస్త్రి, ముప్పై నాలుగేళ్లుగా నిదానంతో కలిసి కూర్చునే మూడో బెంచీ వదిలి, వెళ్లి మొదటి బెంచీలో కూర్చున్నాడు.

అదీ సంగతి. ఇప్పుడు బుధవారం మధ్యాహ్నంలోకి వద్దాం.

మేస్త్రి కాళ్లు ఆ రోజు భూమ్మీద లేవు. మర్నాడు గురువారం పదకొండింటికి ఆయన్ని కొత్త వెల్డర్ల శిక్షణ బడికి పెద్దగా ప్రకటించబోతున్నారు. షెడ్డు మొదలైన నాటినుంచి అలాంటి బడి లేదు, అలాంటి పదవీ లేదు. ముప్పై నాలుగేళ్లలో తన ముద్ర పడిన అతుకు ఒక్కటీ చెడలేదన్నది ఆయన లెక్క. ఆ మాట ఆయన రోజుకు రెండుసార్లయినా అనేవాడు. ఎవరూ అడక్కపోతే తనే అడిగించుకుని మరీ అనేవాడు. గర్వం మంచిది కాదని ఆదివారం వాక్యం చదివేదీ ఆయనే, గొంతు ఖంగున మోగేలా చదివి, ఎంత బాగా చదివానో అని గర్వపడేదీ ఆయనే. ఏం చేస్తాం, మనిషి అలాంటివాడు. చేతిలో అంత పనితనం ఉన్నవాడికి ఆ మాత్రం లేకపోతే ఎలా అని షెడ్డు కూడా సర్దుకుపోయింది.

బడి గోడకు మొదటిరోజే ఒక పాఠం వేలాడదీయాలని ఆయనకు ఆలోచన వచ్చింది. కోసి పారేసిన ఆ చెడ్డ అతుకు ముక్కను శుభ్రం చేసి మేకుకు తగిలిస్తే, "అశ్రద్ధ అంటే ఇదిగో" అని చూపించవచ్చు. అది నిదానం పరువును గోడకెక్కించడం అవుతుందన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, వచ్చినదాన్ని ఆయన పక్కకు నెట్టేశాడు.

తుక్కు కుప్పలోంచి ముక్కను వెతికి తీసుకుని, షెడ్డు వెనక వెలుతురు బాగా పడే చోట బల్ల మీద పెట్టి, వైరు బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టాడు. పరీక్షకు ముందు పూసిన సుద్ద రాలిపోయింది. దాని కింద తుప్పు పొడి లేచింది. అతుకు బయటపడింది. కరిగిన ఇనుము పేరుకుంటూ పోయిన చోట చేప పొలుసుల్లా వరసగా గీతలు ఉంటాయి. ఆ పొలుసుల్ని చూస్తే చెయ్యి ఎటునుంచి ఎటు నడిచిందో వెల్డరుకు తెలుస్తుంది.

మేస్త్రి పద్నాలుగు అంకె నిటారుగా కనిపించేలా ముక్కను తిప్పి పట్టుకున్నాడు. ముద్ర కుడి కొసన ఉంది. అతుకు ముగిసిన చోట ముద్ర కొట్టడం ఆ షెడ్డు ఆచారం. కుడిచేతివాళ్లందరూ ఎడమనుంచి కుడికి నడుస్తారు, కుడి కొసన ఆగుతారు, అక్కడే కొడతారు. ఆగిన చోట చిన్న గుంట పడి, దాన్ని నింపిన గుర్తు ఉంటుంది.

ఆ గుర్తు కుడి కొసన లేదు.

ఆయన ముక్కను కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. ఈమధ్య కుడి కంటిలో పొగ కమ్మినట్టు ఉంటోంది, అది షెడ్డులో పొగేనని ఆయన మూడేళ్లుగా తనకు తనే చెప్పుకుంటున్నాడు. నింపిన గుంట ఎడమ కొసన ఉంది. పొలుసులన్నీ కుడినుంచి ఎడమకు నడిచాయి. అంటే ముద్ర అతుకు మొదలైన చోట పడింది.

కుడినుంచి ఎడమకు నడిచే చెయ్యి ఆ షెడ్డులో ఒక్కటే ఉంది.

బ్రష్షు కింద పడేసి మేస్త్రి బల్లను పట్టుకుని నిలబడ్డాడు. పొలుసుల వరస మధ్యలో ఒకచోట పక్కకు జారి ఉంది, రెండు బియ్యపు గింజల మేర. చూపు సరిగ్గా ఉన్నవాడెవడూ అలా జారడు. ఆ రోజు ఇంజనీరమ్మా చూసింది ముద్రనే, యాభైమందీ చూసింది ముద్రనే. అతుకును చూసినవాడు లేడు. ఇనుము చూస్తే మనిషి పేరు చెప్పగలనని గొప్పలు పోయే ఆయన కూడా, తిట్టే తొందరలో అంకెనే చూశాడు.

ఇక్కడ ఆ షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి అతుకునైనా వాళ్ల జతగాడు దీపం పట్టి చూశాకే ముద్ర కొట్టాలి. దాన్ని వాళ్లు రెండో కన్ను అంటారు. మేస్త్రికి రెండో కన్ను నిదానం, నిదానానికి మేస్త్రి. ఆ అతుకు వేసిన సాయంత్రం ఏం జరిగిందో ఇప్పుడు మేస్త్రికి వరసగా గుర్తుకొచ్చింది. అతుకు ముగించి ముసుగు తీస్తుండగా ఇంజనీరమ్మ కబురు పంపింది. నిదానం దీపం పట్టి చూస్తూ, "నువ్వెళ్లు, ముద్ర నేను కొడతాలే" అన్నాడు. వెళితే ఆమె బడి సంగతి చెప్పింది. ఆయన తేలిపోతూ తిరిగొచ్చాడు. ఆ సంతోషంలో, రోజంతా వేసిన పదకొండు అతుకుల్లో ఏది ఎవరు వేశారో ఆయనకు గుర్తే లేదు.

ఆ ముక్కను గుడ్డలో చుట్టుకుని, గేటు దగ్గర ఎవరికీ చెప్పకుండా, మేస్త్రి నిదానం ఇంటికి బయలుదేరాడు.

* * *

రెండు వీధులు దాటి, మందుల కొట్టు పక్క సందులో మూడో తలుపు. ఆ తలుపు ఆయన ఎప్పుడూ తట్టలేదు, తోసుకుని లోపలికి వెళ్లడమే. ఇవాళ తట్టాడు.

నిదానం భార్య తీసింది. పాతికేళ్లుగా ఆమె ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది. ఆయన ఆమెను చెల్లెమ్మా అంటాడు.

"మేస్త్రిగారా, రండి" అంది.

ఆ గారు మేస్త్రికి చెంపదెబ్బలా తగిలింది. నొచ్చుకునే హక్కు తనకు లేదని తెలిసి, చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.

నిదానం కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, కాలు ఊడిన స్టూలును బాగుచేస్తున్నాడు. మేస్త్రిని చూసి సుత్తి పక్కన పెట్టాడు. లేవబోయాడు.

"కూర్చో" అన్నాడు మేస్త్రి. గుడ్డ విప్పి ముక్కను అతని ముందు పెట్టాడు. "ఇదెవరిది?"

"నాదే."

"మళ్లీ చెప్పు."

"నాదేనని చెప్పా కదరా."

"ముద్ర ఎక్కడ కొట్టావ్?"

"చివర."

"ఎవరి చివర? అది నీ చెయ్యి ఆగే చివర. నా చెయ్యి మొదలయ్యేది అక్కడ."

నిదానం ముక్కను చేతిలోకి తీసుకుని, ముద్రనూ గుంటనూ మార్చి మార్చి చూశాడు. అంత బరువైన సమయంలోనూ అతనికి నవ్వొచ్చింది.

"అలవాటు" అన్నాడు. "ముప్పై నాలుగేళ్లుగా కుడివైపే కొట్టిన చెయ్యి, దొంగ ముద్ర కూడా కుడివైపే కొట్టింది. అబద్ధానికీ అభ్యాసం కావాలి కాబోలు."

"నవ్వకు" అన్నాడు మేస్త్రి. "నా తప్పు నెత్తినేసుకోడానికి నువ్వెవడివిరా? నేను అడిగానా? యాభైమంది ముందు నిన్ను నానా మాటలూ అన్నాను. తల వంచుకుని విన్నావు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, 'ఇది నీదిరా' అంటే నీ సొమ్మేం పోయింది?"

"పొద్దున్నే వచ్చి తవ్వేసి మళ్లీ వేద్దామనుకున్నా. నీకు తెలియకుండా. ఈలోపు ఎవరైనా చూస్తే నా నంబరే ఉండాలని కొట్టా. పరీక్ష పదింటికన్నారు. ఏడింటికే పెట్టేశారు. నేను వచ్చేసరికి అందరూ చుక్క చుట్టూ నిలబడి ఉన్నారు."

"దీపం పట్టినప్పుడే కనిపించిందా?"

"కనిపించింది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

నిదానం వెంటనే జవాబు చెప్పలేదు. ఏ జవాబూ వెంటనే చెప్పడు గనకే ఆ పేరు. కానీ ఈసారి ఆ ఆలస్యంలో ఇంకేదో ఉంది.

"చెప్పొచ్చా నీకు?" అన్నాడు.

మేస్త్రి ముక్క మీంచి చూపు ఎత్తాడు.

"మూడేళ్ల కింద చెప్పా. నీ కుడి కన్ను ఎవరికైనా చూపించరా అని. గుర్తుందా? నా చూపుకు వంకలు పెట్టేంతవాడివయ్యావా అన్నావు. నలభై రోజులు మాట్లాడలేదు. పక్కపక్కనే నిలబడి, ఒకే బెంచీలో కూర్చుని, నలభై రోజులు."

"ఆ నలభై రోజులూ ఈయన సగం తిండి తిన్నారు" అంది వంటగది గుమ్మంలోంచి నిదానం భార్య. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లకి నాలుగో కాలు ఎవరు చూపిస్తారండీ?"

"నువ్వుండు" అన్నాడు నిదానం.

"ఉండను. పది రోజులుగా ఉన్నాగా." ఆమె లోపలికి వచ్చి ఖాళీ కుర్చీ వెనక నిలబడింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నా. మీ ఇద్దరి మీదా నాకు కోపమే. మేస్త్రిగారి మీద సగం, మీ మీద సగం."

"నా మీద ఎందుకు?" అన్నాడు నిదానం, నిజంగానే ఆశ్చర్యపోయి. "మన ప్రభువు లోకం తప్పులన్నీ మోశాడు. నేను ఒక్కడి తప్పు మోయలేనా అనుకున్నా. అది తప్పా?"

"మోశాడు. ఎవరు కాదన్నారు? కానీ మోయకముందు, తన ముఖ్య శిష్యుడి మొహం మీదే చెప్పాడు కదా, కోడి కూసేలోపు నువ్వు నన్నెరగనంటావని. ఆ మాట చెప్పాకే అతని కోసం మోశాడు. మీరు రెండోది చేశారు, మొదటిది దాటేశారు. ఆ అతుకు నీళ్లకు కాక మంటకు తెరుచుకుని ఉంటే, ఆస్పత్రిలో ఎవరు మోసేవాళ్లు?"

సందులో సైకిలు గంట వినిపించి దూరమైంది.

మేస్త్రికి తను ఎన్నోసార్లు చదివిన వాక్యం ఒకటి మనసులో మెదిలింది. ప్రభువు తన వాళ్లను ఇకమీదట దాసులని పిలవనన్నాడు, స్నేహితులని పిలుస్తానన్నాడు. ఎందుకంటే, తండ్రి దగ్గర విన్నదంతా వాళ్లకు చెప్పేశాడు. దాచుకోకుండా చెప్పడమే స్నేహితుడికి గుర్తన్నమాట. ఆ భాగం చదివిన ప్రతిసారీ స్నేహితులు అన్న మాట దగ్గర గొంతు పెంచి, నిదానం వైపు చూసి, తన స్నేహానికి తనే మురిసిపోయేవాడు. ఎందుకంటే అన్న మాట తర్వాత ఏముందో ఇన్నేళ్లూ నాలుకతో చదివాడే గానీ చెవితో వినలేదు. మనసులోది చెప్పడానికి ఈ మనిషి తనకు భయపడ్డాడు. దాసుడు యజమానికి భయపడ్డట్టు భయపడ్డాడు.

ఆయన మెల్లగా కిందికి వంగి, మోకాళ్లు కలుక్కుమంటుండగా నేల మీద కూర్చున్నాడు. ఊడిన స్టూలు కాలును దాని బెజ్జంలో పెట్టి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కొట్టు" అన్నాడు.

నిదానం సుత్తి తీసుకుని మేకు మీద రెండు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బ వేయబోతుండగా మేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు.

"తప్పయిందిరా."

సుత్తి గాల్లోనే ఆగింది. ముప్పై నాలుగేళ్లలో ఆ మాట ఆ నోటినుంచి రావడం నిదానం విననూ లేదు, వింటానని అనుకోనూ లేదు.

"ఏది? అతుకా, తిట్టడమా?"

"రెండూ. మూడోది కూడా ఉంది. ఆదివారం నిన్ను వదిలేసి ముందు బెంచీలో కూర్చుని, నీ మీద కోపం కడుపులో పెట్టుకుని, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నా. ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడు అని పిల్లలకు చెప్పేది నేనే."

"నేనూ తీసుకున్నా" అన్నాడు నిదానం. "అబద్ధం జేబులో పెట్టుకుని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో చెప్పడం కష్టం. ఆమె మాత్రం నవ్వలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి టీ పెట్టింది.

టీ తాగుతూ మేస్త్రి అసలు మాట చెప్పాడు. "రేపు అందరి ముందూ చెప్పేస్తా."

"బడి పోతుంది."

"పోనీ."

"కన్ను సంగతి తెలిస్తే టార్చి కూడా తీసుకుంటారు. మళ్లీ ఇవ్వరు."

మేస్త్రి తన ఎడమ చేతిని చూసుకున్నాడు. కాలిన మచ్చలతో, గట్టిపడ్డ వేళ్లతో, ఆ చెయ్యి ఆయనకు తనకంటే ముందు పుట్టిన అన్నలాంటిది. ఇంట్లో పెద్దలు చిన్నప్పుడు దాన్ని కట్టేసి కుడిచేతివాటం నేర్పాలని చూశారు. అది ఒప్పుకోలేదు. ఆ చేతితోనే పేరు తెచ్చుకున్నాడు. టార్చి లేని ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియదు.

"అదీ పోనీ" అన్నాడు, కాస్త ఆలస్యంగా. తర్వాత ఆయన గొంతులోకి పాత ఖంగు తిరిగొచ్చింది. "నా గర్వం పోయిందనుకోకు. అది పోయేది కాదు. నేను చేసినదాని మీద ఇంకొకడి నంబరు ఉండటమే నాకు అవమానం. మంచిదైనా చెడ్డదైనా, నా చెయ్యి నడిచిన చోట నా నంబరు తొమ్మిదే ఉండాలి."

జేబులోంచి తన నంబరు ముద్ర కొట్టే ఉక్కు పంచ్ తీశాడు. అది లేకుండా ఆయన ప్రార్థనకు కూడా వెళ్లడు. ముక్కను గడప రాయి మీద పెట్టి, నిదానం సుత్తి అందుకుని, ఎడమ కొసన, గుంట పక్కన, ఒక్క దెబ్బలో తొమ్మిది కొట్టాడు. అంకె నిటారుగా, నిండుగా పడింది. తన జీవితంలో కొట్టిన ముద్రలన్నిటిలోకీ అదే బాగా వచ్చిందనిపించింది ఆయనకు.

"ఇకమీదట చూసింది చూసినట్టు చెప్పాలి" అన్నాడు లేస్తూ. "ఎక్కడైనా సరే, ఎవరి ముందైనా సరే. నేను అలిగితే అలగనీ. మాటివ్వు."

"ఇస్తున్నా." నిదానం తలుపు దాకా వచ్చాడు. "మేస్త్రీ, ఇంకో మాట..."

"రేపు చెప్పరా. ఇవాళ్టికి ఇదే అరగలేదు."

"వెళ్లొస్తారా అన్నయ్యా" అంది ఆమె వెనకనుంచి. ఆ ఒక్క పిలుపు చెవినబడగానే మేస్త్రికి సందంతా వెడల్పయినట్టు తోచింది. ఛాతీ విరుచుకుని నడిచాడు. ఇచ్చిన మాటను అప్పుడే, గుమ్మంలోనే, నెరవేర్చబోయిన మనిషి నోరు తనే మళ్లీ మూశానని ఆయనకు తట్టలేదు.

* * *

గురువారం పదకొండు దాటాక షెడ్డువాళ్లంతా భోజనాల గదిలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నిదానం వెనక వరసలో, స్టోరు గది తాళాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంజనీరమ్మ కాగితం చూడకుండానే మాట్లాడింది. ఇవాళ రెండు శుభవార్తలంది. మొదటిది, మనం చేసిన బాయిలరును ఇవాళ పన్నెండింటికి ఆస్పత్రిలో తొలిసారి ముట్టిస్తున్నారు. రెండోది, మన బడికి పెద్ద దొరికాడు. "ముప్పై నాలుగేళ్లలో ఒక్క అతుకూ చెడని చెయ్యి ఇది" అని మేస్త్రి వైపు చెయ్యి చాపింది. చప్పట్లు మోగాయి.

మేస్త్రి లేచి ముందుకు నడిచి, గుడ్డ విప్పి, ముక్కను ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఒక్కటి చెడిందమ్మా" అన్నాడు. "ఇది నాది. ఇదిగో నా చెయ్యి నడిచిన తీరు, ఇదిగో ఆగిన చోటు. పద్నాలుగు దీని మీద ఉండాల్సింది కాదు. నా కుడి కన్ను మసకేసి మూడేళ్లయింది. దాచుకున్నా. వాడు నా తప్పు నెత్తినేసుకుంటే, ఆ నెత్తి మీదే మొట్టాను. యాభైమంది ముందు తిట్టాను కాబట్టి యాభైమంది ముందే చెబుతున్నా. వాడి చెయ్యి వణకలేదు. నా కన్నే అబద్ధం చెప్పింది."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లో పడ్డాయి. కొందరు వెనక్కి తిరిగి నిదానాన్ని చూశారు. పది రోజులుగా రాడ్లు తీసుకుంటూ అతని మొహం చూడనివాళ్లు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నారు.

ఇంజనీరమ్మ ముక్కను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. మెచ్చుకోలేదు, మందలించలేదు. ఆమె మొహంలో రంగు మాత్రం మారింది.

"మేస్త్రిగారూ, ఆ రోజు మీరు వేసింది ఇదొక్కటేనా?"

"కాదమ్మా. ఆరో ఏడో వేశాను."

"ఈ కంటితోనే?"

"ఈ కంటితోనే."

"వాటిలో ఇలాంటిది ఇంకొకటి ఉందా?"

మేస్త్రి ఆలోచించాడు. ఉన్నదున్నట్టు చెప్పడం నిన్ననే మొదలుపెట్టిన మనిషి, ఇవాళ దాన్ని ఆపదలచుకోలేదు. "నాకు తెలీదు. నా చూపును నేనే నమ్మలేను. నా రెండో కన్ను వాడు. వాణ్ని అడగండి."

గది మొత్తం వెనక వరస వైపు తిరిగింది.

నిదానం ముప్పై నాలుగేళ్లలో సంఘంలో ఒక్కసారి కూడా లేచి సాక్ష్యం చెప్పనివాడు. పదిమంది చూస్తే మాట గొంతులోనే ఇరుక్కుపోతుంది. తాళాలు పక్క కుర్చీలో పెట్టి లేచి నిలబడ్డాడు. మేస్త్రి వైపు చూశాడు. లేదు అనే రెండక్షరాలు చాలు, మేస్త్రికి మిగిలిన కాస్త పరువు మిగిలేది. ఆ సంగతి ఆ గదిలో అందరికంటే వాళ్లిద్దరికీ బాగా తెలుసు.

మేస్త్రి చెప్పు అన్నట్టు తల ఊపాడు.

"ఉంది" అన్నాడు నిదానం. "ఇంకొకటి ఉంది. మంట గది పక్కన, అడుగున. దీపం పట్టినప్పుడే నాకు నచ్చలేదు. ఇదంత చెడ్డది కాదు, కానీ మేస్త్రి చేతి మామూలు పనితనం కాదు అది. పరీక్షలో చుక్క రాలేదు. నిలబడిందిగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. నిన్న చెప్పబోయాను, చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నా. అది నీళ్లకు నిలబడింది. మంటకు నిలబడుతుందో లేదో నాకు తెలీదు."

మేస్త్రి పేరులో మిగిలిన ఆఖరి మేకు కూడా ఊడి కింద పడింది. అయినా ఆయన ఛాతీ నిండిపోయింది. బడి ఇస్తామన్నప్పుడు కూడా అంత నిండలేదు. యాభైమందిలో, తన మొహం మీద, నిలబడి నిజం చెప్పిన ఆ నోరు లేని మనిషి తనవాడు. "విన్నారా?" అన్నాడు ముందు వరసలో ఉన్నవాళ్లతో, గొంతు ఖంగుమనగా. "వాడు నా స్నేహితుడు."

గోడ గడియారంలో పదకొండూ నలభై. ఇంజనీరమ్మ అప్పటికే ఆస్పత్రి బాయిలరు గదికి ఫోను కలిపింది. మేస్త్రి తన ఎడమ చేత్తో నిదానం మణికట్టు పట్టుకుని, ఆస్పత్రికి పోదామని తలుపు వైపు పరుగెత్తాడు. వెనక స్పీకరులో ఫోను మోగడం ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు.